ముప్పై ఏళ్లు అవే పాఠాలు చెబితే కొత్తగా నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: డీఎస్సీలో ఎంపికై ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్న మీకు రెండేళ్లు నిండాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా అవే అధ్యాయాలను మూడోసారి మొదలుపెట్టబోతున్నారు. ఇంకా ముప్పై ఏళ్లపాటు ఇవే భిన్నాలు, ఇవే సమీకరణాలు చెప్పవలసి ఉండగా నేను కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది, బుర్ర తుప్పు పట్టదా అని అడిగారు. అనుభవం ఉన్నవాళ్లు తాము నిజంగా ఏం నేర్చుకున్నారో, ఎలా నేర్చుకున్నారో ఉదాహరణలతో చెప్పమన్నారు.

సూటిగా చెబుతాను. పాఠం మారదు, నిజమే. కానీ ఆ పాఠాన్ని పిల్లలు తప్పుగా పట్టుకునే తీరు ఏటా కొత్తగా ఉంటుంది, ఆ తప్పు వెనుక చాలాసార్లు ఒక తర్కం ఉంటుంది, ఆ తర్కాన్ని వెతుక్కుంటూ వెళితే అది మన సొంత అవగాహనలో ఉన్న చిల్లు దగ్గరికి తీసుకెళ్లి నిలబెడుతుంది. నేను ముప్పై ఏళ్లలో నేర్చుకున్న గణితంలో ఎక్కువ భాగం పిల్లల తప్పుల్లోంచే నేర్చుకున్నాను. అయితే ఇది ఉద్యోగంలో కూర్చుంటే దానంతట అదే జరిగే పని కాదు. నేను 1994లో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడిగా చేరాను. 2003 దాకా, అంటే తొమ్మిదేళ్లపాటు, చెప్పుకోదగ్గది ఏమీ నేర్చుకోలేదు. జవాబు ఒప్పయితే టిక్కు, తప్పయితే ఎర్రగీత, అంతటితో నా పని అయిపోయిందనుకునేవాణ్ని. కాబట్టి మీ భయం నిరాధారమైనది కాదు, ఆ తొమ్మిదేళ్లలో తుప్పు పట్టడమంటే ఏమిటో నాకు తెలుసు.

2003లో ఆరో తరగతి అమ్మాయి ఒకతె 1/2 + 1/3 = 2/5 అని రాసింది. లెక్కల మాస్టార్లలో ఈ తప్పు చూడనివారు ఉండరు. నేనూ అలవాటు ప్రకారం కొట్టేసి, "హారాలు వేరుగా ఉంటే క.సా.గు. తీయాలని చెప్పానా, లేదా?" అని గద్దించాను. ఆ పిల్ల బెదరకుండా సంచిలోంచి ప్రోగ్రెస్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "సార్, తెలుగు స్లిప్ టెస్టులో 10కి 7, లెక్కల్లో 20కి 12 వచ్చాయి. మీరే కింద 30కి 19 అని వేశారు. ఇక్కడ పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడితే ఒప్పయింది కదా, అక్కడ ఎందుకు తప్పు?" అంది. కార్డు మీద ఉన్నది నా చేతిరాతే. గంట కొట్టారు కాబట్టి నా పరువు దక్కింది, అంతే తప్ప ఆ క్షణాన నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వెళ్లే బస్సులో నలభై నిమిషాలు ఆలోచిస్తే గానీ తేలలేదు. మార్కులలో 10 ఒక మొత్తం, 20 మరో మొత్తం. రెండింటినీ కలిపి 30 అనే మూడో మొత్తాన్ని తయారుచేస్తున్నాం. భిన్నాల కూడికలో అలా కాదు, అర రొట్టె, మూడో వంతు రొట్టె అన్నప్పుడు రెండూ ఒకే రొట్టెను కొలమానంగా పెట్టుకున్నవి, కలిపాక కూడా ఆ రొట్టెతోనే కొలవాలి. మార్కులను నా క.సా.గు. పద్ధతిలో కూడితే 14/20 + 12/20 = 26/20 వస్తుంది, అంటే ఆ పిల్లకు పరీక్ష పెట్టిన దాని కంటే ఎక్కువ మార్కులు వచ్చినట్టు! ఆమె చేసిన కూడిక సరైనదే, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. బి.ఎస్సీ.లో కలనగణితం చదివి వచ్చిన నాకు "దేనిలో భాగం?" అన్న ప్రశ్నను గుర్తుచేయడానికి పదకొండేళ్ల పిల్ల కావలసి వచ్చింది. మరుసటి రోజు తరగతిలో ఆ కార్డునే నల్లబల్ల మీదికెక్కించి పాఠం మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి నుంచి భిన్నాల కూడికను ఈ మార్కుల గొడవతోనే మొదలుపెడుతున్నాను. ఆ రోజు సాయంత్రమే రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొన్నాను, దాని సంగతి తర్వాత చెబుతాను.

రెండో ఉదాహరణ మన భాషకు సంబంధించినది. "మూడింట రెండు వంతులు" అని పలికి రాయమంటే, ప్రతి తరగతిలోనూ నలుగురైదుగురు 3/2 అని రాస్తారు. చాలాకాలం దీన్ని అశ్రద్ధ అనుకున్నాను. నోటుబుక్కులో నాలుగేళ్లు వరుసగా అదే తప్పు కనబడ్డాక, అది అశ్రద్ధ అయ్యే అవకాశం లేదనిపించి, ఆ మాటను నేనే నెమ్మదిగా పలికి చూసుకున్నాను. మూడింట, రెండు. తెలుగు ముందు హారాన్ని చెబుతుంది, తర్వాత లవాన్ని చెబుతుంది. పిల్లలు విన్న వరుసలోనే పైనుంచి కిందికి రాస్తున్నారు. ఇంగ్లిషులో వరుస దీనికి తలకిందులు, "టూ థర్డ్స్" అన్నప్పుడు లవమే ముందు వస్తుంది. చైనా, జపాన్, కొరియా భాషలవాళ్లు కూడా మనలాగే హారాన్ని ముందు చెబుతారని తర్వాత తెలిసింది. నిజానికి అర్థపరంగా చూస్తే మన వరుసే సహజమైనది, ముందు ఎన్ని ముక్కలు చేశామో తెలిస్తే కదా వాటిలో ఎన్ని తీసుకున్నామో చెప్పగలిగేది. అందుకని ఇప్పుడు భిన్నం రాయడం నేర్పేటప్పుడు అడ్డగీత గీయించి, ముందు దాని కింద హారం, ఆ తర్వాత పైన లవం రాయిస్తాను. చెవికి వినబడిన వరుసకు చేతి వరుస కలిసిన తర్వాత ఆ తప్పు చాలావరకు తగ్గిపోయింది.

మా బడి ఇంగ్లిషు మాధ్యమంలోకి మారి, ఎదురెదురు పేజీల్లో రెండు భాషలుండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాక ఈ సంగతి మరీ ముఖ్యమైంది. ఒకే పిల్లవాడు ఎడమ పేజీలో ఒక వరుస, కుడి పేజీలో మరో వరుస చదువుతున్నాడు. రెండు వరుసలున్నాయని మనం నోరు విప్పి చెప్పకపోతే వాడు తనకే లెక్కలు రావనుకుంటాడు. మాధ్యమం మంచిదా చెడ్డదా అన్న చర్చ మీరు అడగలేదు కాబట్టి అందులోకి వెళ్లను. ఉద్యోగంలో ఇరవై ఆరేళ్లు గడిచాక నేను కొత్తగా జాగ్రత్తపడవలసిన విషయం ఒకటి అప్పుడు పుట్టుకొచ్చిందని మాత్రం చెబుతున్నాను.

భిన్నాల భాగహారం దగ్గర నాకు జరిగిన పరాభవం కూడా చెప్పాలి. మండల స్థాయి శిక్షణలో మాకు 1¾ ÷ ½ ఇచ్చి, జవాబు తీయడమే కాకుండా, ఆ లెక్క వచ్చేలా ఒక సందర్భాన్ని కథగా రాయమన్నారు. జవాబు అందరం క్షణంలో తీశాం, తలకిందులు చేసి గుణిస్తే 3½. కథ దగ్గర మాత్రం నేను "ఒకటీ ముప్పావు కిలోల బెల్లాన్ని ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత?" అని ధీమాగా రాశాను. అది రెండుతో భాగించడం, అరతో భాగించడం కాదు. గదిలో సగం మందికి పైగా నాలాగే రాశారన్నది ఒక్కటే ఊరట. అదే లెక్కతో లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనా ఉపాధ్యాయులను పోల్చి 1999లో ప్రచురించిన ప్రసిద్ధమైన అధ్యయనం ఒకటి ఉంది. ఆమె కలిసిన అమెరికా ఉపాధ్యాయులలో సగం మంది కూడా సరైన జవాబు తీయలేకపోయారు, చైనా ఉపాధ్యాయులు 72 మందీ తీశారు. కథ అడిగినప్పుడు అమెరికావారిలో చాలామంది చేసిన పొరపాటు సరిగ్గా నాదే, అరతో భాగించడాన్ని సగం చేయడంగా పొరబడటం.

ఈ అవమానం తర్వాత నాకు దారి చూపినది పాలు పోసే ఆమె కొలత. లీటరు ముప్పావు పాలలో అరలీటరు కొలతలు ఎన్ని? లీటరు ముప్పావు అంటే ఏడు పావులు, అర అంటే రెండు పావులు, ఏడు పావులలో రెండేసి పావులు మూడున్నర సార్లు వస్తాయి. తలకిందులు చేయనక్కరలేదు, గుణించనక్కరలేదు. పావు, అర, ముప్పావు అనే మాటలు తెలుగు పిల్లల నాలుక మీద బడికి రాకముందే ఉంటాయి. మన పెద్దలకు పదహారో వంతుకు కూడా వీసం అనే మాట ఉండేది. 1957లో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు కాబట్టి, అణా అంటే రూపాయిలో వీసమే, బేడ అంటే రెండు అణాలు, పావలా అంటే నాలుగు. ఆనాటి సంతలో కూరగాయలమ్ముకునేవారు రోజంతా నోటితో చేసిన లెక్కలను మేము ఆరో తరగతిలో కొత్త విద్యలాగా పరిచయం చేసి, పైగా పిల్లలకు భిన్నాలంటే భయమని ఫిర్యాదు చేస్తున్నాం. "తలకిందులు చేసి గుణించు" అన్న సూత్రం కూడా మనకు కొత్తదేమీ కాదు, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పినదే, ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అదే గ్రంథంలో మహావీరుడు ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా అలాగే ఉంటుందని కూడా రాశాడు, అది తప్పు. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇవాళ్టికీ 5 ÷ 0 = 5 అనే రాస్తారు. "ఎవరికీ ఇవ్వకపోతే నా దగ్గరే ఉంటాయి కదా సార్" అని కారణం కూడా చెబుతారు. అంతటివాడు పొరబడిన చోట పొరబడ్డారని చెప్పాక తరగతిలో సున్నా మీద జరిగే చర్చ స్థాయే వేరుగా ఉంటుంది.

ఇక వడ్డీ లెక్కలు. నన్ను అడిగితే, ఉపాధ్యాయుడు నేర్చుకునేది ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మాది ప్రకాశం జిల్లా, పొగాకు, మిర్చి వేసే ఊళ్లు. పాఠ్యపుస్తకంలో "సంవత్సరానికి 12 శాతం వడ్డీ" అని ఉంటే, వెనక బెంచీలో కూర్చుని ఏనాడూ నోరు విప్పని కుర్రాడు "రూపాయి వడ్డీయా సార్?" అన్నాడు. నూటికి నెలకు రూపాయి, ఏడాదికి పన్నెండు. వాడి దగ్గర శాతం ముందే ఉంది, కాకపోతే అది నెలల్లో ఉంది. ఆ తర్వాత పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమని, రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతమని పిల్లలే గబగబా చెప్పేశారు. వాళ్ల అమ్మలంతా పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్లే మరి.

చక్రవడ్డీకి వచ్చాక ఆ కుర్రాడే నన్ను మళ్లీ ఆపాడు. నేను ఏడాదికోసారి వడ్డీ అసలులో కలుస్తుందని చెబుతుంటే, "మా ఊళ్లో అట్టా కలపరు సార్, నోటు తిరగరాసినప్పుడే కలుపుతారు" అన్నాడు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది కాబట్టి, అది దాటకముందే అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. అంటే మూడేళ్లపాటు బారువడ్డీ, మూడేళ్లకోసారి చక్రవడ్డీ. పాఠ్యపుస్తకంలో లేని ఈ మూడో రకాన్ని అప్పటికప్పుడు నల్లబల్ల మీద వేశాం. 10,000 రూపాయలకు రెండు రూపాయల వడ్డీ, ఆరేళ్లు. పూర్తిగా బారువడ్డీ అయితే చివరకు కట్టవలసినది 24,400. ఏటా కలిపే చక్రవడ్డీ అయితే సుమారు 36,352. ఆ కుర్రాడు చెప్పినట్టు మూడేళ్లకోసారి నోటు తిరగరాస్తే, మొదటి మూడేళ్లకు 7,200 వడ్డీ కలిసి కొత్త నోటు 17,200 అవుతుంది, తర్వాతి మూడేళ్లకు 12,384 కలిసి 29,584 అవుతుంది. మూడు సంఖ్యలూ పక్కపక్కన చూసి తరగతి నిశ్శబ్దమైపోయింది. వడ్డీని ఎన్నాళ్లకోసారి అసలులో కలుపుతారన్నదే చక్రవడ్డీకి ప్రాణమని నేను సూత్రంలో అక్షరంగా చదివాను గానీ, దాని బరువు ఎంతో ఆ రోజు వరకు నాకు తెలియదు. ఆ కుర్రాడు పదో తరగతి గణితంలో బొటాబొటి మార్కులతో గట్టెక్కాడన్న సంగతి కూడా ఇక్కడ రాయాలి. తరగతి మొత్తానికి, అందులో నాకూ, పాఠం చెప్పిన తెలివితేటలను కొలిచే ప్రశ్న ఆ పరీక్షలో లేదు.

నా తప్పును నేను చూసుకున్న సందర్భం ఒకటి క్లుప్తంగా చెబుతాను. 8 + 4 = □ + 5 అని ఇచ్చి పెట్టెలో ఏముండాలని అడిగితే ఎక్కువ మంది 12 అంటారు. సమానపు గుర్తు అంటే వాళ్లకు "ఇదిగో జవాబు" అని అర్థం, రెండు పక్కలా ఒకే విలువ ఉందని కాదు. ఇది పిల్లల లోపమని చాలా ఏళ్లు అనుకున్నాను. ఒకరోజు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) నుంచి బోధనాభ్యాసానికి వచ్చిన ఛాత్రోపాధ్యాయురాలు వెనక కూర్చుని నా పాఠం రాసుకుంటూ, తర్వాత మొహమాటపడుతూనే తన పుస్తకం చూపించింది. నేను బల్ల మీద 8 + 4 = 12 + 5 = 17 అని గొలుసుకట్టుగా రాసిన వరుసను ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు దించుకుంది. ఎనిమిదీ నాలుగూ పదిహేడుకు సమానమట! 1557లో రాబర్ట్ రికార్డు అనే వైద్యుడు, గణితజ్ఞుడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి మరేవీ ఉండవన్న ఉద్దేశంతో ఈ గుర్తును ప్రవేశపెట్టాడు. నేను దాన్ని నోటి మాటలో "అప్పుడు" అన్నట్టుగా వాడేస్తున్నాను. తరగతిలో ఆ తప్పుడు అర్థాన్ని నాటినవాణ్ని నేనే. ఇంత చిన్న విషయం బయటపడటానికి వేరొకరి కళ్లు కావలసి వచ్చాయి, కనుక మీ తరగతిలో ఏడాదికి రెండు మూడుసార్లైనా తోటి ఉపాధ్యాయుణ్ని కూర్చోబెట్టుకోండి. అధికారి తనిఖీ దీనికి ప్రత్యామ్నాయం కాదు, తనిఖీ రోజున మనమెవరమూ మామూలుగా పాఠం చెప్పం కదా.

మీరు "ఎలా" అని కూడా అడిగారు కాబట్టి ఇప్పుడు ఆ నోటుబుక్కు సంగతి. దాని అట్ట మీద "తప్పులు" అని మాత్రమే రాసుకున్నాను. రోజుకు ఒకటే తప్పు, నాలుగు పంక్తులకు మించకుండా: ఏ లెక్క, ఏం రాశారు, ఎందుకలా చేశావని అడిగితే ఏమన్నారు, నేనేం చేశాను. మూడో పంక్తి లేకపోతే మిగతావి దండగ. "ఎందుకలా చేశావు?" అన్న మాటలో గద్దింపు వినబడితే పిల్లలు వెంటనే రబ్బరు తీసి చెరిపేస్తారు, అందుకని ఒప్పు జవాబులు రాసినవాళ్లను కూడా అదే గొంతుతో అదే ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి. అప్పుడు ఆ ప్రశ్నకు "నువ్వు తప్పు చేశావు" అన్న అర్థం పోతుంది. అడిగాక ఆగండి. అమెరికాలో 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతుల్లో రికార్డు చేసి చూస్తే, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకో ఇంకాస్త ఎక్కువకో పెంచితే పిల్లల జవాబులు పెరిగాయి, మెరుగయ్యాయి. చెప్పడానికి తేలికగానే ఉంటుంది. నేను మొదట్లో బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఆగవలసి వచ్చింది, మూడు సెకన్ల మౌనం ఉపాధ్యాయుడికి మూడు నిమిషాలుగా ఉంటుంది.

పిల్లల చేత పిల్లలకు చెప్పించడం గురించి కూడా ఒక మాట. మనం కొత్తదనుకునే ఈ పద్ధతి మన వీధిబడులలో ఎప్పటి నుంచో ఉంది. 1789 నుంచి మద్రాసులో అనాథ బాలుర పాఠశాలను నడిపిన ఆండ్రూ బెల్, అక్కడి బళ్లలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తెచ్చి, పాఠం చెప్పే పనిని పెద్ద పిల్లలకు అప్పగించి, 1797లో ఆ ప్రయోగం గురించి లండన్‌లో ప్రచురించాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అని పేరే స్థిరపడింది. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ రెవెన్యూ బోర్డుకు రాసిన నివేదికలో, తెలుగు, కన్నడ బడులు ఉన్న తన జిల్లాలో ముందున్న పిల్లలు వెనకున్నవారికి చెబుతూ ఆ క్రమంలో తమ చదువును కూడా గట్టిపరచుకుంటున్నారని మెచ్చుకున్నాడు. అంటే మీ ప్రశ్నకు జవాబు రెండు వందల ఏళ్ల కిందటి సర్కారు కాగితంలోనే ఉంది. అయితే ఇందులో నేను ఒక పొరపాటు చేశాను. తరగతిలో బాగా చదివే ఒకే అమ్మాయి చేత ఏడాది పొడవునా చెప్పించాను. ఆమెకు విసుగు పుట్టింది, మిగతావారికి ఆమె మీద కోపం పుట్టింది, చివరకు వాళ్ల నాన్న వచ్చి "జీతం మీకు, పని మా పిల్లకా మాస్టారూ?" అని అడిగాడు, అడగవలసిందే. ఇప్పుడు నిన్నటి దాకా రాక, ఇవాళే పట్టుకున్న పిల్లవాడి చేత చెప్పిస్తాను. ఎక్కడ కాలు జారుతుందో వాడికి ఇంకా గుర్తుంటుంది, నాకు ఎప్పుడో మరుపొచ్చింది.

కొన్ని హెచ్చరికలు కూడా అవసరం. ప్రతి తప్పు వెనుకా గొప్ప తర్కం ఉండదు, కొన్ని నిద్రమత్తు వల్ల, కొన్ని ఆకలి వల్ల, కొన్ని పక్కవాడి పుస్తకంలో చూసి రాయడం వల్ల వచ్చినవే. ఐదు రోజులకు ఒక పనికొచ్చే తప్పు దొరికితే అది మంచి వారమని లెక్క. సిలబస్ తరుముతుంటుంది, యాప్‌లలో హాజరు, ఫొటోలు, మార్కుల నమోదు ఉంటాయి. నా నోటుబుక్కుల్లో రెండు విద్యాసంవత్సరాలు దాదాపు ఖాళీగా ఉన్నాయి, ఆ రెండేళ్లూ నేను ఇతర విధుల్లో మునిగిపోయి ఉన్నాను, దాచవలసిన పని లేదు. మరో విషయం, పిల్లవాడి తర్కం నచ్చింది కదా అని తప్పును తప్పుగా చెప్పకుండా వదిలేయకూడదు. నేను ఒకప్పుడు ఆ ఉత్సాహంలో పడి, ఏది ఒప్పో తేల్చకుండానే గంట ముగించేవాణ్ని, పిల్లలు రెండింటినీ రాసుకుని పరీక్షలో ఏదో ఒకటి రాసేవారు.

2020లో బళ్లు మూతపడినప్పుడు కూడా ఒకటి నేర్చుకున్నాను, అదీ పొరపాటునే. వాట్సాప్‌లో హోంవర్కు ఫొటోలు పంపమంటే ఒక పిల్లవాడు శుభ్రంగా రాసిన పేజీకి బదులు చిత్తు పేజీ పంపాడు. కొట్టివేతలు, మూలన ఎక్కాలు, మధ్యలో వదిలేసిన రెండు ప్రయత్నాలు, అన్నీ అందులో ఉన్నాయి. వాడు ఎక్కడ దారి తప్పాడో, మళ్లీ ఎక్కడ దారిలో పడ్డాడో పూసగుచ్చినట్టు కనిపించింది. పాతికేళ్లుగా "చిత్తు పని చివరి పేజీలో చేసి, ఇక్కడ నీటుగా ఎత్తిరాయండి" అని పిల్లలకు నేర్పుతూ, నేను చదవవలసిన దాన్నే చివరి పేజీకి పంపేస్తున్నానన్నమాట. ఇప్పుడు ప్రతి పేజీలో కుడివైపు మూడో వంతు చిత్తుకు వదలమంటున్నాను, పుస్తకాలు చూడటానికి ముచ్చటగా ఉండవు, ప్రధానోపాధ్యాయుల వారికి ఇంకా సంజాయిషీ ఇచ్చుకుంటూనే ఉన్నాను.

మీ ప్రశ్న చదివిన రోజునే నోటుబుక్కులో రాసుకున్నది ఒకటి చెప్పి ఆపుతాను. 0.4, 0.35 ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగితే, 35 పెద్దది కాబట్టి 0.35 అని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఆ తప్పు నాకు పాత చుట్టమే. ఈసారి ఏడో తరగతి పిల్లవాడు ఒకడు 0.4 పెద్దదని ఒప్పుగా చెప్పాడు. అలవాటు ప్రకారం ఎలా చెప్పావని అడిగితే, "పదో వంతులు పెద్ద ముక్కలు, వందో వంతులు చిన్న ముక్కలు కదా సార్, అందుకని చుక్క తర్వాత ఒకే అంకె ఉన్నది ఎప్పుడైనా పెద్దది" అన్నాడు. మొదటి సగం బంగారంలాంటి మాట, రెండో సగం తప్పు, జవాబు మాత్రం ఒప్పు. ఎర్ర సిరా రోజుల్లో అయితే టిక్కు పెట్టి పంపేసేవాణ్ని. సోమవారం మొదటి పీరియడులో వాడికి 0.4, 0.45 ఇద్దామనుకుంటున్నాను. ఏ ముక్క పట్టుకుని ఏ ముక్క వదిలేస్తాడో నేను ఊహించలేకపోతున్నాను.